రెండవ పిలుపు
(జూదవ్యసనమును, పోయినదానిని రాబట్టుకొనవలెనను ఆశను గూర్చిన పాఠము)

జూదములో ఓడినవాడు బుద్ధి తెచ్చుకొని మానివేయునని లోకము తలచును. నిప్పు ముట్టి చేయి కాలిన బాలుడు మరల నిప్పు ముట్టడు గదా! కాని జూదమునందు ఈ న్యాయము చెల్లదు. ఇచ్చట చేయి కాలినవాడే మరల చేయి పెట్టును. మొదట వ్రేలు పెట్టినవాడు తరువాత మోచేతివరకు పెట్టును. గెలిచినవాడు ఆశచేత ఆడును. ఓడినవాడు అంతకంటె పట్టుదలగా ఆడును. "పోయినది రాబట్టుకొని మానివేయుదును" అను ఒక్క మాటయే ఇందులకు మూలము. వినుటకు ఈ మాట వివేకమువలెనే యుండును. మానివేయుదుననియే కదా అతడనుచున్నాడు! కాని కుటుంబములను కూల్చునది మొదటి ఓటమి కాదు, ఈ మాటయే. ఈ పాఠమున విచారింపవలసినది దీనినే.

ఒక గృహస్థుని దృష్టాంతము

దృష్టాంతమునకై ఒక గృహస్థును మనస్సున నిలుపుకొనవలెను. ఇతడు కల్పితుడే; అయినను ఇట్టివాడు లేని ఊరు అరుదు. చిన్న పట్టణమున బట్టల దుకాణము. ఇంట తల్లి, ఇల్లాలు, ఇద్దరు పిల్లలు. ప్రొద్దున లింగపూజ తప్పనివాడు. ఊరి మఠమున ఏటేట జరుగు ఆరాధనకు భక్తులిచ్చు దాసోహపు చందాల లెక్క ఇతని చేతిలోనే యుండెను. పైసా తప్పనివాడని పేరు.

ఒక సంక్రాంతి సెలవులలో బంధువొకడు సెల్‌ఫోనులో పందెపు పేకాట నేర్పెను. మొదటి వారమున 1,200 రూపాయలు వచ్చినవి. ఆ గెలుపును ఇంటిలో అందరికిని చెప్పెను. తరువాత వచ్చిన ఓటములను ఎవ్వరికిని చెప్పలేదు. గెలుపును చాటించుట, ఓటమిని దాచించుట, జూదము మొదట చేయు పని ఇదియే. ఆరు నెలలలో 40,000 రూపాయలు పోయినవి. "ఈ నలుబదివేలు వచ్చిననాడు ఈ ఆటను ఫోనులోనుండి తీసివేయుదును" అని తనలో తాననుకొనెను.

దాసోహపు చందాల సొమ్ము 60,000 రూపాయలు అతని బ్యాంకు ఖాతాలో వేరుగా లెక్క వ్రాసి యుండెను. ఒక రాత్రి అందులోనుండి 5,000 తీసి ఆడెను. అది దొంగతనమని అతనికి తోచలేదు. "తెల్లవారులోపల పెట్టివేయుదును" అనియే తోచెను. తెల్లవారునప్పటికి అరువదివేలును లేవు. ఆ ఉదయము స్నానము చేసి పూజకు కూర్చుండి, ఇష్టలింగమును కరస్థలమున నుంచుకొని, దానివంక చూడలేకపోయెను.

ఇతడు చెడ్డవాడు కాడు. చెడ్డవాడైనచో ఈ పాఠముతో పనియే లేదు. మంచివాడు, లెక్క తెలిసినవాడు, ఇంతవరకు ఎట్లు వచ్చెనన్నదియే ప్రశ్న.

వేదకాలపు జూదరి

ఈ వ్యాధి నేటిది కాదు, సెల్‌ఫోనుతో పుట్టినది కాదు. ఋగ్వేదము పదవ మండలములోని 34వ సూక్తము ఒక జూదరి గోడు. ఆనాటి పాచికలు తానికాయలు. త్రిఫలచూర్ణమున కరక్కాయ, ఉసిరికాయలతోపాటు చేరు ఆ తానికాయలే. ఆ జూదరి తన మంచి ఇల్లాలిని తానే దూరము చేసికొంటినని చెప్పుకొనును. అత్తగారు అసహ్యించుకొనును. తలిదండ్రులు, అన్నదమ్ములు "వీనినెరుగము, కట్టి తీసికొనిపొండు" అని అప్పులవారితో అందురు. ఇక ఆడనని అతడు నిశ్చయించుకొనును. కాని పాచికల చప్పుడు వినబడగానే కాళ్లు అటే నడచును. అప్పుపడినవాడై, భయముతో, రాత్రివేళ ధనమునకై పరుల ఇండ్లకు పోవును.

ఇన్ని వేల యేండ్లకు పిమ్మట ఇందులో మారినదేమి? పాచికల చప్పుడునకు బదులు సెల్‌ఫోను చప్పుడు. అంతే. సూక్తము చివర అతనికి కలుగు ఉపదేశము గమనింపదగినది: పాచికలాడక పొలము దున్నుకొనుము, ఉన్నదానితో తృప్తిపడుము, నీ గోవులును నీ ఇల్లాలును అచ్చటనే యున్నారు, అని దాని భావము. గెలుచు ఉపాయమునుగాక పనిని చూపుటయే ఇందలి విశేషము.

ధర్మరాజునకు వచ్చిన రెండవ పిలుపు

భారత సభాపర్వములోని ద్యూతకథ తెలియని తెలుగు ఇల్లు లేదు. కాని సాధారణముగా శకుని మోసమునే చెప్పుకొని, ధర్మరాజు మనస్సున జరిగినదానిని విడిచిపెట్టుదురు. అతడు మొదట మణులను, ముత్యములను ఒడ్డెను. తరువాత రథములు, ఏనుగులు, గుఱ్ఱములు, గోవులు, భూమి. అవి పోయిన పిదప నకులుడు, సహదేవుడు, అర్జునుడు, భీముడు, పిమ్మట తాను, చివరకు ద్రౌపది. ప్రతి ఓటమి తరువాతను పణము పెరిగినదే గాని తగ్గలేదు. ఏనుగులు పోయినప్పుడు లేచినచో గుఱ్ఱములు మిగులును. రాజ్యము పోయినప్పుడు లేచినచో తమ్ములు మిగులుదురు.

అటుపిమ్మట జరిగినది మరియు విచారింపదగినది. ధృతరాష్ట్రుడు ద్రౌపదికి వరములిచ్చెను. ఆమె మొదటి వరమున ధర్మరాజు దాస్యవిముక్తిని, రెండవ వరమున తక్కిన నలుగురి విముక్తిని కోరెను. మూడవది కోరుకొమ్మనగా, లోభము ధర్మమును చెరుచునని వలదనెను. ఆ సభలో ఎచ్చట ఆగవలెనో తెలిసినది ఆమె ఒక్కతెయే. పిమ్మట ధృతరాష్ట్రుడు పోయిన రాజ్యమును, ధనమును సమస్తము తిరిగి ఇచ్చి పంపెను.

అనగా, ప్రతి జూదరియు కలలోగాంచునది ధర్మరాజునకు నిజముగా లభించెను. పోయినదంతయు వచ్చెను. మరి ఆట మానెనా? ఇంద్రప్రస్థమునకు పోవు దారిలోనే రెండవ పిలుపు వచ్చెను. పెదతండ్రి ఆజ్ఞ యని, విధి యని, కీడు కలుగునని యెరిగియు మరలెను. దీనినే అనుద్యూతమందురు. ఒక్క పందెము, పండ్రెండేండ్ల వనవాసము, ఒక యేడు అజ్ఞాతవాసము.

ఇందలి పాఠము స్పష్టము. పోయిన సొమ్ము తిరిగి వచ్చినంతమాత్రమున జూదము మానదు. "వచ్చినచో మానివేయుదును" అను మాట అబద్ధమని ధర్మరాజు కథయే రుజువు చేయుచున్నది.

అరణ్యపర్వములో భీముడు నిందించినప్పుడు ధర్మరాజు తన దోషమును దాచలేదు. దుర్యోధనుని రాజ్యమును తీసికొనవలెనను కోరికతోనే పాచికలు పట్టితినని ఒప్పుకొనెను. శకుని పాచికలు అతడు కోరినట్లే పడుచుండుట చూచి తన్ను తాను నిగ్రహించుకొనగలిగియుండెడివాడననియు, కాని కోపము పురుషుని ధైర్యమును చంపుననియు చెప్పెను. జూదరిని గూర్చి ఇంతకంటె నిజమైన మాట లేదు. మొదటి పందెము ఆశ వేయించును. తక్కిన పందెములను ఆ కోపమే వేయించును. ఓటమిని సహింపలేని కోపము, తనమీద తనకు పుట్టిన కోపము.

నలుని పేరు చెప్పుకొనుట తగునా?

"నలుడు ఆడి పోగొట్టుకొన్నదానిని ఆడియే తిరిగి తెచ్చుకొనలేదా?" అని అడుగువారు కలరు. నలుని కథను పూర్తిగా చదువవలెను. పుష్కరునితో ఆడునపుడు మంత్రులు, పౌరులు, దమయంతి ఎంత వారించినను నలుడు వినలేదు. నెలల తరబడి ఆడి రాజ్యము పోగొట్టుకొనెను. కాని రాజ్యము పోయిన పిదప అతడు మరల ఆటకు కూర్చుండలేదు. బాహుకుడను పేరుతో అయోధ్యారాజగు ఋతుపర్ణునియొద్ద గుఱ్ఱముల పనికి కుదిరెను. చక్రవర్తి గుఱ్ఱములను తోమెను! అటుల పని చేయుచుండగా, తానికచెట్టు ఆకులను, కాయలను చూచినంతనే లెక్కింపగల ఋతుపర్ణునివలన అక్షహృదయమను విద్యను పొందెను. అప్పుడే కలి అతనిని విడిచెను. పిమ్మటనే పుష్కరునితో ఒక్క ఆట.

ఆట ఆపుట, పని చేయుట, కలి వీడుట, విద్య లభించుట, ఇన్ని జరిగిన మీదట నలుడు గెలిచెను. మన జూదరి ఓడిన రాత్రియే, కలి ఇంకను లోపలనుండగనే, ఏ విద్యయు లేకయే తాను నలుడనుకొనును.

లెక్క చెప్పు సత్యము

నేడు అక్షహృదయము ఆడువాని చేతిలో లేదు; ఆడించువాని చేతిలో నున్నది. దాని పేరు లెక్క. కౌటిల్యుని అర్థశాస్త్రములో ద్యూతాధ్యక్షుడను అధికారి కలడు. గెలిచిన సొమ్ములో నూటికి 5 వంతులు అతడు గ్రహింపవలెనని విధి. గెలిచినది రాముడైనను సోముడైనను ఆ అయిదు తప్పవు. ఆడించువాడు ఎన్నడును ఓడడనుటకు ఇది ప్రాచీన సాక్ష్యము.

సమానమైన నేర్పు గల ఇద్దరు చెరి 500 రూపాయలతో ఆటకు కూర్చుండిరనుకొనుడు. ఆటకు చెరి 100 రూపాయల పందెము. ఆడించువాడు ప్రతి ఆటలోని 200 రూపాయలనుండి నూటికి పది చొప్పున 20 రూపాయలు పట్టుకొనును. పది ఆటలు ముగియునప్పటికి ఇద్దరి వేయి రూపాయలలో 800 మాత్రమే మిగులును. ఆట సాగినకొలది, ఎవరు గెలిచినను ఎవరు ఓడినను, ఆ వేయి రూపాయలు కరిగి మూడవవాని పెట్టెలోనికి చేరును. ఒక్కొక్కప్పుడు గెలుపు వచ్చును, నిజమే. కాని ఎక్కువ ఆటలాడినకొలది లెక్క తన పని తాను చేయును. పోయినది రాబట్టుకొనబోవువాడు చేయునది ఎక్కువ ఆటలాడుటయే కదా!

రెండవ భ్రమ "ఇన్నిమార్లు ఓడితిని, ఇక గెలుపు రాక తప్పదు" అనునది. మొనాకో దేశమందలి మాంటెకార్లో జూదగృహమున 1913 ఆగస్టు 18న జరిగినది ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణము. అచ్చట తిరుగు చక్రములో 37 గళ్లు: 18 ఎరుపు, 18 నలుపు, ఒకటి సున్న. ఆ రాత్రి గోళీ వరుసగా నలుపుపైననే నిలువసాగెను. "ఇక ఎరుపు రాక తప్పదు" అని జనులు ఎరుపుపై రాశులుగా ధనము పోసిరి. నలుపు వరుసగా 26 మార్లు వచ్చెను. గోళీకి జ్ఞాపకము లేదు. నిన్నటి ఓటమిని అది ఎరుగదు, నేడు జాలిపడదు.

మూడవ భ్రమ పందెమును రెట్టించుట. 10 రూపాయలతో మొదలిడి, ఓడినప్పుడెల్ల రెట్టించినచో, ఏదో ఒక గెలుపు అంతయు తెచ్చిపెట్టునని వాదము. వరుసగా పది ఓటములు వచ్చినచో పోయిన మొత్తము 10,230 రూపాయలు. పదునొకండవ పందెమునకు 10,240 రూపాయలు కావలెను. అది గెలిచినను చేతికి మిగులు లాభము పది రూపాయలు! పది రూపాయలకై ఇరువదివేలను ఒడ్డు వర్తకుని ఏ అంగడివీధియు మెచ్చదు.

ఇంత లెక్క తెలిసియు మనస్సు ఏల వినదు? కానెమన్, ట్వెర్‌స్కీ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞులు 1979లో ప్రకటించిన సిద్ధాంతము ప్రకారము, వంద రూపాయలు వచ్చినప్పటి సంతోషముకంటె వంద రూపాయలు పోయినప్పటి బాధ పెద్దది. మామూలుగా జాగ్రత్తగా నుండు మనుష్యుడే, నష్టమున నున్నప్పుడు దానిని పూడ్చుకొనుటకై పెద్ద సాహసమునకు తెగించును. మరియు, స్కిన్నర్ అను శాస్త్రజ్ఞుడు పక్షులపై చేసిన ప్రయోగములలో, ప్రతిసారి గింజ దొరకిన పక్షికంటె ఎప్పుడు దొరకునో తెలియని పక్షి విడువక పొడుచుచుండుట కనబడెను. జూదగృహము మనుష్యుని ఆ పక్షిని చేయుచున్నది.

"ఇది నేర్పుగల ఆట" అను సమాధానము

రమ్మీ మాత్రము జూదము కాదని సమర్థించుకొనువారు కోర్టు తీర్పును చూపుదురు. సికింద్రాబాదులోని ఒక క్లబ్బునకు సంబంధించిన వ్యాజ్యములో 1967లో సుప్రీముకోర్టు రమ్మీ ప్రధానముగా నేర్పుతో కూడిన ఆట యని చెప్పినమాట నిజము. కాని ఆడించువాడు ఆ ఆటవలన లాభము తీయుచున్నచో అది నేరము కావచ్చునని ఆ తీర్పే చెప్పినది. ఈ రెండవ సగమును జూదరి చదువడు. తరువాత తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను తమ జూదనిషేధ చట్టములను సవరించి ఆన్‌లైను పందెములను నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికిని ఆన్‌లైను ధనపు ఆటలను నిషేధించు చట్టము చేసెను. అట్టి ఆటలను నడుపువారికి మూడేండ్లవరకు కారాగారము, కోటి రూపాయలవరకు జరిమానా విధింపవచ్చును.

చట్టము మేలే. అయినను చట్టము తలుపు మూయగలదు గాని కోరికను ఆర్పలేదు. ఒక తలుపు మూసినచో చాటుదారి వెదకువాడు జూదరి. సంక్రాంతి కోడిపందెముల బరి, క్రికెట్టు పందెము, పేకముక్కల గది, పేరేదైనను లోపలి మాట ఒక్కటే: "పోయినది రాబట్టుకొని మానివేయుదును."

దోషమా, వ్యాధియా?

అమెరికా మనోవైద్యసంఘము 1980లో వెలువరించిన గ్రంథమున మితిమీరిన జూదమును మానసికవ్యాధిగా మొదటిసారి చేర్చెను. 2013 నాటి కూర్పులో దానిని మద్యము మొదలగు వ్యసనముల సరసననే నిలిపెను. ప్రపంచ ఆరోగ్యసంస్థ జాబితాలోను దీనికి స్థానము కలదు. వైద్యులు చూచు లక్షణములు కొన్ని: పందెము మొత్తము రానురాను పెంచవలసివచ్చుట, మానబోయినచో చిరాకు కలుగుట, మానుటకు పలుమారు యత్నించి విఫలుడగుట, ఓడిన మరునాడే రాబట్టుకొనుటకు మరల పోవుట, ఇంటివారితో అబద్ధములాడుట, అప్పు తీర్చుమని ఇతరులను ఆశ్రయించుట. ఓటమిని తరుముచు పోవుటను వైద్యులు కేవలము అవివేకముగా గాక వ్యాధిలక్షణముగనే లెక్కించిరన్నది ఇచ్చట ముఖ్యము.

వ్యాధి యన్నంతమాత్రమున బాధ్యత తొలగదు. జ్వరము వచ్చినవాడు మందు మ్రింగవలసినది తానే. కాని జ్వరము వచ్చినవానిని తిట్టి నయము చేయలేమనుటయు అంతే నిజము.

కాయకము, దాసోహము

శరణుల మార్గమున ధనమునకు రెండు వాకిళ్లు. వచ్చు వాకిలి కాయకము; పోవు వాకిలి దాసోహము. చేతులారా చేసిన పనివలన రావలెను. తనకు చాలినంత యుంచుకొని తక్కినది జంగమసేవకును, ఆకలిగొన్నవారికిని పోవలెను. జూదపు సొమ్ము ఈ రెండు వాకిళ్లలో దేనిగుండను రాదు, పోదు. ఒకడు గెలిచిన రూపాయి మరియొకడు ఓడిన రూపాయియే. ఎదుటివాని ఇంట పొయ్యి ఆరినగాని తన ఇంటికి రాని సొమ్మును లింగమునకు ఎట్లు అర్పింపగలడు?

ఆయ్దక్కి మారయ్యగారి కథ ఇచ్చట స్మరింపదగినది. కల్యాణమున రాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చుట ఆయన కాయకము. ఒకనాడు మామూలుకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. భార్య లక్కమ్మగారు చూచి, ఇంత ఆశ మనకు తగదని, మనకు కావలసినదానికి మించినదానిని అక్కడనే పోసి రమ్మని చెప్పిరి. ఆయన అట్లే చేసిరి. ఆ బియ్యము దొంగిలించినది కాదు, నేలపై రాలినదే. అయినను అక్కరకు మించినదన్న ఒక్క కారణమున ఆ తల్లి గడప దాటనీయలేదు. మొదటి వారమున ఊరక వచ్చిన 1,200 రూపాయలను చూచి మన గృహస్థుని ఇంట లక్కమ్మవలె అడిగినవారుండినచో కథ అచ్చటనే ముగిసియుండెడిది.

బసవేశ్వరుడు బిజ్జలుని భండారి. రాజధనమును జంగములకు వ్యయపరచుచున్నాడని అసూయాపరులు కొండెములు చెప్పగా, భండారము తెరచి లెక్క చూచినప్పుడు ధనమంతయు సరిగానుండెనని బసవపురాణ కథ. దానిని మహిమగా భక్తులు చెప్పుకొందురు. లెక్క వ్రాయువారికి అందులో ఇంకొక బోధయు కలదు: పరుల సొమ్ము చేతిలోనున్నవాడు ఏ ఘడియ పెట్టె తెరచి చూపమన్నను చూపగలిగియుండవలెను. "రేపటికి పెట్టివేయుదును" అను మాటకు ఆ భండారములో చోటులేదు.

ఇంటివారు చేయదగినది

మన గృహస్థుని కథలో మిగిలినది ఇది. ఆరాధన వారము దినములున్నదనగా అతడు అన్నగారి కాళ్లపై పడెను. అన్నగారు పరువు పోవునని భయపడి, ఎవ్వరికిని తెలియకుండ 60,000 రూపాయలు కట్టిరి. దాసోహము జరిగెను. అందరు భోజనము చేసిరి. నాలుగు నెలలకు అతడు దుకాణపు పెట్టుబడిలో 35,000 పోగొట్టెను. ఈ మారు కారణమేమి? "అన్నగారి అరువదివేలు తీర్చవలెను గదా!" చేసిన మేలే కొత్త పందెమునకు సాకు అయ్యెను. ధృతరాష్ట్రుడు సమస్తము తిరిగి ఇచ్చినను రెండవ పిలుపు వచ్చినట్లే.

కావున చాటుగా అప్పు తీర్చుట దయవలె కనబడినను దయ కాదు. అది వ్యాధికి ఆహారము. ఇంటివారు చేయదగినవి ఇవి:

మొదటిది, దాపరికము తొలగించుట. ఎంత పోయినది, ఎవరికెంత ఇయ్యవలెను అన్నది ఒక్క కాగితముపై పూర్తిగా వ్రాయింపవలెను. సగము దాచినచో, దాచిన సగమే మరల ఆటకు లాగును.

రెండవది, కొంతకాలము ధనము అతని చేతిలో నుంచకుండుట. బ్యాంకు వ్యవహారము, దుకాణపు గల్లా ఇంటిలో మరియొకరు చూడవలెను. ఇది అవమానము కాదు. విరిగిన కాలికి కట్టు.

మూడవది, పోయినదానిని పోయినదిగా వ్రాయుట. వర్తకులకు ఈ పద్ధతి తెలిసినదే. ఎన్నటికిని రాని బాకీని ఏటేట ఖాతాలో మోసికొని తిరుగక, రానిబాకీ క్రింద వ్రాసి గీత గీయుదురు. జూదములో పోయినది రానిబాకీ. అప్పులు మాత్రము న్యాయముగా, నెలనెల కొంతచొప్పున, కాయకపు సంపాదనతో తీర్పవలెను.

నాలుగవది, వైద్యసహాయము. తప్పు తలపులను గుర్తించి సరిదిద్దు మానసికచికిత్స ఈ వ్యసనమునకు ఉపకరించుచున్నది. భారతప్రభుత్వము 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 అను నంబరునకు ఫోను చేయవచ్చును, తెలుగులో మాటలాడవచ్చును. అప్పులపాలైనవాడు "నేను లేకపోయిన మీరు సుఖపడుదురు" వంటి మాట అన్నచో దానిని బెదిరింపుగా కొట్టివేయక, ఒంటరిగా విడువక, వెంటనే సహాయము కోరవలెను. పోయిన ధనము ప్రాణముకంటె గొప్పది కాదు.

అయిదవది మఠములకును సంఘములకును సంబంధించినది. చందాల సొమ్ము ఒక్కని స్వంత ఖాతాలో నుండరాదు. ఇద్దరి సంతకములతో సంఘపు ఖాతాలో నుంచి, నెలకొకమారు లెక్క చదువవలెను. నమ్మకము లేక కాదు. నమ్మినవానిని ప్రలోభమునకు విడిచిపెట్టకుండుటకై.

మానినవారు లేరా? కలరు. రష్యాదేశపు మహానవలాకారుడు దొస్తొయేవ్‌స్కీ జర్మనీ జూదగృహములలో ఏండ్ల తరబడి ఆడి, భార్య వస్తువులను సైతము కుదువపెట్టినవాడు. 1866లో జూదరి అను నవలనే వ్రాసెను, వ్రాసినను మానలేకపోయెను. కాని 1871లో మానినవాడు 1881లో మరణించువరకు మరల ఆడలేదు. ఎంత తెలిసినను తెలివి ఒక్కటియే చాలదనుటకును, ఎంత ఆలస్యమైనను మానుట అసాధ్యము కాదనుటకును ఈయన జీవితమే సాక్ష్యము.

ముగింపు

ముప్పదియైదువేలు పోయిన రాత్రి గృహస్థుడు తల్లియెదుట కూర్చుండి అంతయు చెప్పెను. "ఇంకొక్కసారి, అమ్మా! ఈ ఒక్కసారి వచ్చిందంటే అందరి బాకీ తీర్చి మానేస్తాను" అనెను. ఆమె చదువుకొన్నది కాదు. "నాయనా, పోయిన సొమ్ము పోయింది. దాని వెంట నువ్వు పోవద్దు" అనెను.

మరునాడు ఆమె వెంట మఠమునకు పోయి, స్వామివారియెదుట, పెద్దలయెదుట జరిగినది దాచక చెప్పెను. చందాల లెక్క పుస్తకమును అప్పగించెను. స్వామివారు అతనిని వెలివేయలేదు. ఆరాధనలో వడ్డన పనికి రమ్మనిరి. నలుబదివేలకును, ముప్పదియైదువేలకును ఖాతాలో రానిబాకీయని వ్రాసి గీత గీసెను. అన్నగారి అరువదివేలను దుకాణపు రాబడిలోనుండి నెలకు 2,000 చొప్పున ముప్పది నెలలలో తీర్చెను. ఆ ముప్పది నెలలలో పిలుపు రాలేదా? ఎన్నోమారులు వచ్చెను. వచ్చినప్పుడెల్ల ఇంటిలో ఎవరికో ఒకరికి చెప్పెను. చెప్పినంతనే దాని బలము సగము తగ్గెను.

మొదటి పందెము వేయకుండుట ఉత్తమము. వేసి ఓడినవానికి మిగిలిన మార్గము ఒక్కటే: ఓటమిని ఓటమిగా ఒప్పుకొని లేచుట. ఓడి లేచినవాడు కొంత ధనమునే పోగొట్టుకొన్నవాడు. రాబట్టుకొనుటకు కూర్చున్నవాడు తన్ను తానే ఒడ్డినవాడు. రెండవ పిలుపు వచ్చినప్పుడు ఇంద్రప్రస్థపు దారిని విడువక ఇల్లు చేరుటయే ధర్మము.

మననమునకు ప్రశ్నలు

1. ధర్మరాజునకు పోయినదంతయు తిరిగి లభించినను జూదము మానకుండుటవలన తెలియునదేమి?
2. నలుడు ఓడిన పిదప చేసిన పనికిని, సామాన్యముగా జూదరి చేయు పనికిని భేదమేమి?
3. ఎవరు గెలిచినను ఆడించువాడు ఓడడనుటను లెక్కతో చూపుడు.
4. లక్కమ్మగారు బియ్యమును తిరిగి పంపుటలోని భావమేమి? ఊరక వచ్చిన సొమ్ము ఇంటికి వచ్చినప్పుడు ఇంటివారు ఏమని అడుగవలెను?
5. అన్నగారు చాటుగా అప్పు తీర్చుట మేలా, కీడా? మీ ఇంట అట్టి సందర్భము వచ్చినచో ఏమి చేయుదురు?

శరణు శరణార్థి.